జన్యు పరిణామ క్రమమా, జన్యుక్రమమా?

సందేహం: కరోనా రోజుల నుంచి పత్రికల్లో ‘జన్యు పరిణామ క్రమ విశ్లేషణ’ అనే మాట చూస్తున్నాను. కొందరు ‘జన్యుక్రమం’ అని మాత్రమే రాస్తారు. టీవీలో ‘జీనోమ్ సీక్వెన్సింగ్’ అనేస్తారు. మూడూ ఒకటేనా? మ్యుటేషన్, వేరియంట్, స్ట్రెయిన్ మూడింటినీ ‘కొత్త రకం’ అంటున్నారు, సరైనదేనా? ‘వ్యాధి నిఘా’ అంటే పోలీసు భాషలా వినిపిస్తోంది, వాడవచ్చా?
– ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: అమ్మా, ముందు మొదటి మాట సంగతి. అందులో ‘పరిణామ’ ఎక్కువైంది, తీసేయండి.

క్రమం అంటే వరస. వైరస్ జన్యుపదార్థం నాలుగే నాలుగు అక్షరాలతో రాసిన పొడుగాటి వాక్యం లాంటిది. కరోనా వైరస్‌లో ఆ వాక్యం సుమారు 30 వేల అక్షరాలు. కలరా బాక్టీరియాలోనైతే 40 లక్షలు. ఏ అక్షరం తర్వాత ఏది ఉందో మొదటి నుంచి చివరిదాకా చదివి రాసుకోవడమే సీక్వెన్సింగ్. ఉన్నది ఉన్నట్టు చదవడమే తప్ప అందులో మార్పు గొడవ లేదు.

పరిణామం అంటే ఒకటి మరొకటిగా మారడం. పాలు పెరుగు కావడం మన దర్శన గ్రంథాల్లో దీనికి పాత ఉదాహరణ. జీవులు తరతరాలుగా మారుతూ రావడానికి కూడా అందుకే ఆ మాట కుదిరింది. ‘జన్యు పరిణామ క్రమం’ అంటే జన్యువులు కాలం గడిచేకొద్దీ ఎలా మారుతూ వచ్చాయో ఆ వరస అన్నమాట. ఒక్క రోగి ముక్కులోంచి తీసిన ఒక్క నమూనాలో అంత చరిత్ర ఎక్కడిది? ‘పరిణామక్రమం’ అనే జంట మనకు బడిలోనే నోటికి పట్టింది. ‘క్రమం’ అని రాయబోయేసరికి ‘పరిణామ’ తనంతట తానే వచ్చి కూర్చున్నట్టుంది. (ఇదే మాట కొందరి చేతుల్లో ‘పరిమాణం’తో కూడా తారుమారవుతుంది. ఆ కథ ఇంకోసారి.)

అలాగని పరిణామానికి ఈ పనిలో చోటు లేదనను. ఉంది, రెండో మెట్టు మీద. నాకు తెలిసిన పనిలోంచి పోలిక చెబుతాను. ఒక కావ్యానికి పది తాటాకు ప్రతులు దొరికాయనుకోండి. ఏ ప్రతిని ఆ ప్రతిగా చదివి ఎత్తి రాసుకోవడం మొదటి పని. ఆ తర్వాత అన్నీ పక్కపక్కన పెట్టి పోలుస్తాం. ఒక లేఖకుడు ఒకచోట ‘ప’ను ‘వ’గా రాశాడనుకుందాం. ఆ ప్రతి చూసి రాసుకున్న వాళ్లందరి ఆకుల్లోకీ ఆ ‘వ’ దిగుతుంది. ఆ తప్పున్న ప్రతులన్నిటికీ మాతృక ఒకటేనని మేం తేల్చుకుంటాం. ఒప్పు అందరిలోనూ ఉంటుంది కాబట్టి అది చుట్టరికం చెప్పదు. చుట్టరికం బయటపెట్టేది తప్పే. బ్రౌన్ దొర కడపలో పండితులను కూర్చోబెట్టి చేయించిందీ ఇలాంటి పోలిక పనే.

రోగకారక జీవుల విషయంలోనూ అంతే. సూక్ష్మజీవి తన ప్రతిని తానే రాసుకుంటుంది, రాసేటప్పుడు అక్కడొకటి ఇక్కడొకటి పొరపాటు దొర్లుతుంది. 2010 అక్టోబరులో హైతీలో కలరా వచ్చింది. అంతకుముందు వందేళ్లుగా అక్కడ ఆ జబ్బు నమోదు కాలేదు. మరి ఎక్కడి నుంచి వచ్చింది? హైతీ రోగుల్లోని బాక్టీరియా జన్యుక్రమాన్ని నేపాల్ నమూనాల క్రమంతో పోల్చి చూస్తే, కొన్నిటి మధ్య ఒకటి రెండు అక్షరాల తేడా మాత్రమే కనిపించింది. 40 లక్షల అక్షరాల్లో! నేపాల్ నుంచి వచ్చిన ఐక్యరాజ్యసమితి శాంతి సైనికుల శిబిరం మురుగు ఏట్లో కలిసిందన్న అనుమానానికి అది గట్టి ఆధారమైంది. ఆ కలరాకు దాదాపు 10 వేల మంది బలయ్యారు. 2016లో సమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ హైతీ ప్రజలకు క్షమాపణ చెప్పారు.

చదవడం ఒక పని, పోల్చడం మరో పని. మొదటిదాన్ని ‘జన్యుక్రమ నిర్ధారణ’ అనండి, లేదా హాయిగా ‘జన్యుక్రమం చదవడం’ అనండి. రెండోదానికి ‘జన్యు పరిణామ విశ్లేషణ’ సరిపోతుంది. రెండూ కలిపి ముద్ద చేస్తే యంత్రం చదివిందేదో, మనిషి పోల్చి తేల్చిందేదో తెలియదు. జబ్బు ఏ ఊరి నుంచి ఏ ఊరికి పాకిందో చెప్పేది రెండోదే.

ఇక ‘జీనోమ్’ను జీనోమ్‌గానే ఉంచవచ్చు. జన్యువు అంటే ఒక్క జీన్, జీనోమ్ అంటే మొత్తం. పిల్లలకు ఆ తేడా చెప్పాల్సి వచ్చినప్పుడు ‘జీనోమ్ క్రమం’ అనడమే మేలు. పరాయి మాటేమోనన్న బెంగ కూడా అక్కర్లేదు. జీన్‌కు మూలమైన గ్రీకు ‘గెనోస్’, మన ‘జన్యువు’లోని ‘జన్’ ధాతువు దాయాదులే.

రెండో ప్రశ్న. మ్యుటేషన్ అంటే ఆ అక్షర దోషం. పాఠ్యపుస్తకాల్లో దీన్ని ‘ఉత్పరివర్తనం’ అంటారు. సరైన మాటే గాని నోరు తిరగాలి, బయట ‘జన్యుమార్పు’ చాలు. అన్ని మార్పులూ అర్థాన్ని మార్చవు. ‘అప్పుడు’ను ‘అపుడు’ అని రాస్తే అర్థం చెడదు. ‘పాలు’ను ‘పూలు’ అని రాస్తే వంట చెడుతుంది. జన్యువుల్లోనూ ఈ రెండు రకాలూ ఉన్నాయి. వేరియంట్ అంటే అలాంటి మార్పులు కొన్ని కలిసి ఉన్న ప్రతి. మా పరిభాషలో పాఠాంతరం. దీన్ని ‘రకం’ అంటే తప్పులేదు. మ్యుటేషన్‌ను రకం అంటేనే తప్పు.

ఈ తప్పు ఖరీదు మనకు తెలుసు. 2021 మేలో ‘ఏపీ స్ట్రెయిన్’, ‘విశాఖ వేరియంట్’ అంటూ వార్తలు గుప్పుమన్నాయి, జనం టెన్షన్ పడిపోయారు. ఆ వార్తలకు మూలం ‘ఎన్440కె’ అనే ఒక్క మార్పు. వైరస్ కొమ్ము ప్రొటీన్‌లో 440వ స్థానంలో ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం బదులు లైసిన్ అనేది వచ్చింది, అంతే. అది అప్పటికే తగ్గుముఖం పట్టిందని, దాని చోట్లోకి వేరే రకాలు వస్తున్నాయని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రజ్ఞులు చెప్పారు. ఈలోగా ఢిల్లీలో, ఆంధ్ర, తెలంగాణ నుంచి వచ్చేవాళ్లకు 14 రోజుల క్వారంటైన్ పెట్టారు. ఊరి పేరు పెడితే మచ్చ ఊరికి అంటుకుంటుంది. ఆ నెల 31న ప్రపంచ ఆరోగ్య సంస్థ ముఖ్యమైన వేరియంట్లకు డెల్టా లాంటి గ్రీకు అక్షరాల పేర్లు పెట్టింది.

స్ట్రెయిన్ అంటే మార్పుల వల్ల నడత కూడా తేడాగా ఉన్నట్టు తేలిన రకం. దీనికి చక్కటి తెలుగు మాట ఉంది, ‘వంగడం’. పాత అర్థం వంశమే. కానీ దాన్ని వరి, వేరుశనగలు ఎప్పుడో సొంతం చేసుకున్నాయి. ‘కరోనా కొత్త వంగడం’ అని నేను రాస్తే ఎకరానికి ఎన్ని బస్తాలని అడుగుతారు. స్ట్రెయిన్‌ను అలాగే వదిలేద్దాం.

‘నిఘా’ పారసీ మాట. అక్కడ ‘నిగాహ్’ అంటే చూపు. తెలుగులోకి వచ్చాక దొంగ మీద వేసే చూపయింది, మీకు పోలీసు వాసన తగలడం అందుకే. తమాషా ఏమిటంటే ఇంగ్లీషు సర్వైలెన్స్‌దీ ఇదే దారి. ఒకప్పుడు ప్రజారోగ్యంలో కూడా ఆ మాటకు, జబ్బు సోకి ఉండవచ్చనుకున్న మనిషి మీద కన్నేసి ఉంచడమనే అర్థం. 1950ల నుంచి అమెరికాలో అలెగ్జాండర్ లాంగ్‌మూర్ లాంటివారు ఆ చూపును మనిషి మీంచి తీసి జబ్బు మీద పెట్టారు. హైదరాబాద్ మురుగునీటిలో వైరస్ ఆనవాళ్లు వెతికారు చూడండి, అది మనుషుల మీద నిఘా కాదు, జబ్బు మీద నిఘా. ‘పర్యవేక్షణ’ ఇక్కడ కుదరదు. పర్యవేక్షించేది మన చెప్పుచేతల్లో ఉన్నదాన్ని, వైరస్ మన గుమాస్తా కాదు. సంస్కృతం ‘వ్యాధి’ పక్కన పారసీ ‘నిఘా’ ఏమిటని ఛాందసులు వైరి సమాసం కింద తోసేయవచ్చు. ‘జిల్లా’ అరబ్బీ, ‘పరిషత్తు’ సంస్కృతం. జిల్లా పరిషత్తుకు లేని అభ్యంతరం దీనికెందుకు? రాసేటప్పుడు మాత్రం ‘వ్యాధి నిఘా’ అని విడిగా రాయండి.