హీబ్రూ నేర్చుకోబోతున్న మా చిట్టితల్లికి

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీకు ఇజ్రాయెల్‌లో వృద్ధులను చూసుకునే పని ఖాయమైందని మీ అమ్మ చెప్పింది. అక్కడి రామత్ గాన్ అనే ఊళ్లో పదేళ్లు అదే పని చేసినదానిగా హీబ్రూ గురించి నీకు కొన్ని సంగతులు చెప్పాలి.

అక్షరాలతో మొదలుపెట్టకు. కుడి నుంచి ఎడమకు రాసే ఆ 22 అక్షరాలకు మామూలు రాతలో అచ్చుల గుర్తులు పెట్టరు కనుక, మాట ముందుగా చెవికి అలవాటైతేనే చదవడం వస్తుంది. నమస్కారానికి "షాలోమ్", ధన్యవాదాలకు "తొదా", క్షమించండి అనడానికి "స్లిఖా" అక్కడ దిగిన వారంలోనే వచ్చేస్తాయి. బయలుదేరకముందే నేర్చుకోవలసినవి నొప్పి మాటలు. "ఎయ్‌ఫో కోయేవ్?" అంటే ఎక్కడ నొప్పి అని; "నఫల్తీ" అంటే పడిపోయాను అని; "కషే లీ లిన్షోమ్" అంటే ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉంది అని. నేను చేరిన మొదటి నెలలో ఒక రాత్రి మా సవ్తా, అంటే నేను చూసుకునే అమ్మమ్మగారు, "కోయేవ్ లీ బఖజే" అని మూడుసార్లు అన్నారు. నొప్పి అని తెలిసింది గానీ, ఎక్కడో తెలియక నేను ఆమె మోకాళ్లు పట్టుకుని చూస్తుంటే, ఆమె నా చేయి లాగి తన ఛాతీ మీద పెట్టుకున్నారు. అప్పుడు 101కి, అంటే అక్కడి అంబులెన్సుకు, ఫోను చేశాను. ఆమె కోలుకున్నారు, నేను మాత్రం మర్నాడే తల "రోష్", కడుపు "బెటెన్", వీపు "గవ్" అంటూ ఒళ్లంతా తడుముకుంటూ అవయవాల పేర్లన్నీ వల్లించాను.

మనం నీళ్లు కావాలా అని ఆడవారినైనా మగవారినైనా ఒకే తీరున అడుగుతాము. అక్కడ తాతగారిని "అతా రొత్సే మయిమ్?" అనీ, అమ్మమ్మగారిని "అత్ రొత్సా మయిమ్?" అనీ అడగాలి. నీ గురించి నువ్వు చెప్పుకునేటప్పుడు కూడా, నాకు కావాలి అనడానికి "అనీ రొత్సా" అనే అనాలి కాబట్టి, వీలైనంతవరకు ఆడవారి నోట విని నేర్చుకో. మన "మీరు" వంటి మాట వాళ్లకు లేదు. అంత పెద్దావిడను "నువ్వు" అనడానికి నాకు చాలాకాలం నోరు రాలేదు. ఆ మర్యాదను "బెవకషా", అంటే దయచేసి, అనే మాటలో, గొంతులోని మెత్తదనంలో చూపించాలి.

వారం ఆదివారంతో మొదలవుతుంది. "యోమ్ రిషోన్" అంటే మొదటి రోజు. మాత్రల డబ్బా గడులు నింపేటప్పుడు ఇది గుర్తుంచుకో.

అర్థం కానప్పుడు తల ఊపి ఊరుకోవద్దు. "ఓద్ పాఅమ్, బెవకషా", అంటే దయచేసి ఇంకోసారి, అని అడుగు. ఈ ఆదివారం నుంచి రోజూ ఐదు మాటలు పలికి వాట్సాప్‌లో పంపితే, గొంతులోంచి రావలసిన ఖకారం సరిగా వచ్చిందో లేదో విని చెబుతాను.

ప్రేమతో,
పెద్దమ్మ