పాత క్యాంపర్ వ్యాన్ కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

చిరంజీవి కిరణ్‌కు, బాబాయి ఆశీస్సులు.

నువ్వు కొందామనుకుంటున్న రెండు క్యాంపర్ వ్యాన్ల (లోపలే పడుకుని, వండుకుని తిరిగే బళ్ల) వివరాలూ చూశాను. 2012 ఫోక్స్‌వ్యాగన్ టీ5 గ్యాలన్‌కు 30 మైళ్లు, 2016 టీ6 అయితే 38 ఇస్తాయని రాశావు. ఏడాదికి 6,000 మైళ్లు తిరుగుతావనుకుందాం. బ్రిటన్ గ్యాలన్ అంటే 4.546 లీటర్లు. టీ5కి సుమారు 909 లీటర్లు పడుతుంది, టీ6కి 718. డీజిల్ లీటరు 1.45 పౌండ్లు వేసుకున్నా ఏడాదికి తేడా 277 పౌండ్లే. ఆ కాస్తకే ధరలో వేలు ఎక్కువ పెట్టకు.

నీ విషయంలో అసలు ఖర్చు యూలెజ్, అంటే పొగ ఎక్కువ వదిలే బళ్లకు లండన్‌లో వేసే రోజువారీ రుసుము. 2023 ఆగస్టు 29 నుంచి లండన్ బరోలన్నీ (నగరంలోని పాలనా ప్రాంతాలన్నీ) దాని కిందికి వచ్చాయి, నీ హారో కూడా. యూరో 6 అనే పొగ ప్రమాణానికి సరిపోని డీజిల్ వ్యాన్ రోడ్డెక్కిన ప్రతి రోజుకీ 12.50 పౌండ్లు. ఏడాదికి 40 రోజులు తీస్తే 500. రోజు అర్ధరాత్రితో మారుతుంది కాబట్టి రాత్రి పదకొండుకు బయల్దేరి పన్నెండు దాటాక జోన్ బయటికి వెళ్తే రెండు రోజులు కట్టాలి. టీ6 కదా అని ధీమాగా ఉండకు, తొలి టీ6లలో అంతకుముందు ప్రమాణమైన యూరో 5 ఇంజన్లవీ ఉన్నాయి. లండన్ రవాణా సంస్థ టీఎఫ్ఎల్ సైటులో బండి నంబరు కొట్టి చూశాకే అడ్వాన్సు ఇవ్వు.

ఇక ఈ బళ్లు తిరిగేదానికన్నా నిలబడి ఉండేదే ఎక్కువ. అందుకే 40,000 మైళ్లే తిరిగిందని అమ్మేవాడు చెబితే సంతోషపడిపోకు. టైమింగ్ బెల్టును (ఇంజన్‌లో వాల్వులు, పిస్టన్లు వేళ తప్పకుండా కదిలేలా చూసే రబ్బరు పట్టీని) మైళ్లకైనా ఏళ్లకైనా, ఏది ముందొస్తే దానికి మార్చాలి. నిలబడి ఉన్నా రబ్బరు గట్టిపడుతుంది. అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజనే పోతుంది. మార్చిన బిల్లు చూపించకపోతే, వాటర్ పంపుతో కలిపి గ్యారేజీ చెప్పిన రేటు ధరలోంచి తగ్గించమను.

టైరు పక్కభాగం మీద డాట్ (DOT) గుర్తు చివర, అది తయారైన వారం, ఏడాది చెప్పే నాలుగంకెలుంటాయి. 2317 అంటే 2017లో 23వ వారం. అరుగుదల లేకపోయినా అంత పాతవైతే నాలుగూ కొత్తవి వేయాల్సిందేనని లెక్కలో రాసుకో.

డీపీఎఫ్ దగ్గర జాగ్రత్త, అంటే డీజిల్ పొగలో మసిని పట్టే ఫిల్టర్. దగ్గర దూరాలకే వాడిన బండిలో పొగగొట్టం తగినంత వేడెక్కదు, ఫిల్టర్‌లో మసి కాలదు. ఇంజన్ ఆ మసిని కాల్చే పని మధ్యలో ఆగితే డీజిల్ ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఆయిల్ గరిష్ఠ గీత దాటి ఉంటే ఆ బండి వద్దు.

లోపలి లైట్లు, ఫ్రిజ్ వంటివాటికి వాడే బ్యాటరీని ఛార్జర్ తీసి కొన్ని గంటలు ఆగాక కొలవమను. మామూలు లెడ్ యాసిడ్‌ది నిండుగా ఉంటే 12.7 వోల్టులు, 12.2 అంటే సగమే. పాప్ టాప్ (పైకి లేచే కప్పు) గుడ్డ మడతల్లో బూజు ఉందేమో వాసన చూడు.

బండికి ఏటా చేసే భద్రతా పరీక్ష, ఎంఓటీ చరిత్ర ప్రభుత్వ సైటులో ఉచితంగానే దొరుకుతుంది. తుప్పు గురించిన అడ్వైజరీ (ముందు హెచ్చరిక) ఏటా రాస్తున్నా అలాగే వదిలేశారంటే వెల్డింగు ఖర్చు నీ నెత్తిన పడుతుంది.

చూడటానికి వెళ్లేముందే రెండు బళ్ల నంబర్లకూ ఇన్సూరెన్స్ కోట్ (ప్రీమియం ఎంతవుతుందో చెప్పే అంచనా) తీసుకో. వీ5సీలో (బండి రిజిస్ట్రేషన్ పత్రంలో) బాడీ టైపు ఏమని ఉందో అమ్మేవాణ్ణి అడిగి, అదే ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పు. మోటార్ క్యారవాన్ అని కాకుండా వ్యాన్ అని ఉంటే కొన్ని కంపెనీలు క్యాంపర్ పాలసీ ఇవ్వవు. ఆ ఇన్సూరెన్స్ కోట్‌లు వచ్చాక పంపు, ఇద్దరం కలిసి చూద్దాం.

బాబాయి