పడమర గోడకు మొక్కలు పెట్టాలంటే ముందు ఎండ చూసుకోండి

గుంటూరు నుంచి మీరు అడిగింది ఇదీ: ఇంటి వెనక గచ్చు చేసిన చిన్న ఖాళీ స్థలం, అక్కడ పడమర ఎండ పడే 7 అడుగుల గోడ. దానికి వరుసలుగా మొక్కలు పెంచాలి. ఫెల్ట్ (మందపాటి గుడ్డ) సంచులు మంచివా, కుండీలా? మన ఎండకు బతుకుతాయా?

బతుకుతాయండి. మాది విజయవాడ, సత్యనారాయణపురం. మా వెనక గోడ కూడా అలాంటిదే. మొదటిసారి నేను ఫెల్ట్ సంచుల్ని నేరుగా గోడకే మేకులు కొట్టి తగిలించాను. మనీప్లాంట్, సింగోనియం పెట్టాను. మార్చి దాకా కళకళలాడాయి. ఏప్రిల్ చివరికి ఆకులు కాగితాల్లా మాడిపోయాయి. అంతకన్నా బాధ కలిగించింది గోడ. లోపలి వైపు పడగ్గదిలో చెమ్మ దిగి రంగు పొరలు పొరలుగా ఊడింది. మా అమ్మ మంచం అక్కడే ఉండేది, వేరే గదికి మార్చాల్సి వచ్చింది.

అందుకే సంచులా, కుండీలా అన్నదాని కన్నా ముందు చూసుకోవాల్సింది ఖాళీ. నేను రెండోసారి కుండీలే పెట్టాను. గోడకూ మొక్కలకూ మధ్య కనీసం 3 అంగుళాల ఖాళీ ఉండాలి. నేను రెండోసారి వెల్డింగ్ షాపులో ఇనుప ఫ్రేము చేయించి, తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ రంగు వేయించి, దాని కాళ్లు నేల మీదే నిలబెట్టించాను. గోడకు రెండు యాంకర్ బోల్టులు మాత్రమే, ముందుకు ఒరగకుండా. బరువు తక్కువ అనుకోకండి. 6 అంగుళాల కుండీ ఒకటి నీళ్లు పోశాక తూచి చూస్తే రెండు కిలోల దాకా వచ్చింది. 36 కుండీలంటే 70 కిలోల పైమాటే.

ఇక నీళ్లు. పై వరుస ముందు ఎండుతుంది, కింది వరుసకు పైనుంచి కారేది కూడా చేరుతుంది. ఇది తెలియక అన్నిటికీ ఒకేలా పోస్తే పైవి వాడతాయి, కిందివి కుళ్లుతాయి. గంటకు 2 లీటర్లు ఇచ్చే డ్రిప్పర్లు (పైపుకు తగిలించే, చుక్కలుగా నీళ్లు వదిలే బిరడాలు) వేసుకోండి. 10 నిమిషాలు తిప్పితే కుండీకి 300 మిల్లీలీటర్లకు పైగా అందుతుంది. మేలో నేను పొద్దున, సాయంత్రం రెండుసార్లు తిప్పుతాను. పైవాటికి రెండేసి డ్రిప్పర్లు పెట్టాను. కింద ట్రేలో నీళ్లు నిలవనివ్వకండి, దోమలు గుడ్లు పెడతాయి.

మట్టికి ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), వర్మీకంపోస్టు సమానంగా కలిపితే చాలు. ఒట్టి కోకోపీట్ వద్దు. అది ఒకసారి పూర్తిగా ఎండితే నీళ్లు పీల్చుకోదు, అంచుల వెంట జారిపోతాయి. బోరు నీళ్లయితే మట్టి మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. వానాకాలంలో నాలుగు వానలకు తడవనిస్తే చాలావరకు కొట్టుకుపోతుంది.

పై వరుసల్లో టేబుల్ రోజ్, బిళ్ళగన్నేరు, వామాకు పెట్టండి. ఎండ వాటికి భయం కాదు. కింది వరుస పుదీనాకు. పైవాటి నీడ, తేమ రెండూ దానికి ఇష్టం. ఫ్రేము పక్కన నేల మీద ఒక పెద్ద తొట్టిలో బచ్చలి వేసి పురికొస కడితే అదే పైకి పాకుతుంది. మా ఇంట్లో పప్పులోకి బచ్చలి కొనడం మానేసి రెండేళ్లయింది. కొత్తిమీర మాత్రం అక్టోబరు తర్వాతే వేయండి. మనీప్లాంట్ మీద ఆశ ఉంటే నీడ పడే గోడకు పెట్టుకోండి.

మార్చి నుంచి జూన్ దాకా 50 శాతం షేడ్‌నెట్ (సగం ఎండను ఆపే వల) తప్పనిసరి. మొక్కలకు ఆనకుండా, అడుగు దూరంలో కట్టాలి. పిండినల్లి కనిపిస్తే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి.

ఫ్రేము ఇప్పుడే చేయించినా, మొక్కలు మాత్రం తొలకరి పడ్డాకే తెచ్చుకోండి. ఈలోగా ఒక వారం ఎండ గోడ మీదికి ఎన్నింటికి వచ్చి ఎన్నింటికి పోతుందో రాసుకోండి. ఆ గంటలు, గోడ వెనక ఏ గది ఉందో చెబితే, ఏ వరుసలో ఏది పెట్టాలో కూర్చుని రాసిస్తాను.