చీర పోతే జీతంలో కోతా?

ప్రశ్న: హనుమకొండలో ఒక పెద్ద బట్టల షోరూములో, చీరల సెక్షన్‌లో మూడేళ్లుగా చేస్తున్నాను. పొద్దున 9:30కి వెళ్తే ఇంటికి బయల్దేరేసరికి రాత్రి 9:30 అవుతుంది, మధ్యలో అన్నానికి అరగంట. జీతం 12,500, చేతికే ఇస్తారు. పోయిన నెల స్టాక్ చూస్తే రెండు పట్టుచీరలు తగ్గాయని మా నలుగురి జీతంలో తలా 2,300 కోశారు. కూర్చున్నట్టు కెమెరాలో కనబడితే 100 రూపాయల ఫైన్, అదీ వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టి మరీ. ఇన్ని గంటలేంటని అడిగితే, కొత్త జీవో వచ్చింది, 10 గంటలు చేయించుకోవచ్చు అంటున్నారు. గట్టిగా మాట్లాడితే రేపట్నుంచి రావొద్దంటారేమోనని టెన్షన్. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందు ఆ 2,300 సంగతి. స్టాక్ తగ్గితే సెక్షన్ మొత్తం మీద పంచేయడం షాపుల్లో ఆనవాయితీ అయిపోయింది గానీ చట్టంలో దానికి చోటు లేదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, పోయిన సరుకును ప్రత్యేకంగా మీకే అప్పజెప్పి ఉండాలి, అది పోవడానికి నేరుగా మీ నిర్లక్ష్యమే కారణమై ఉండాలి, కోత పెట్టే ముందు మీ మాట వినాలి, ఇవన్నీ అయ్యాక కూడా జరిగిన నష్టం కంటే రూపాయి ఎక్కువ కోయకూడదు. పెళ్లిళ్ల సీజన్లో పదిమంది ఒకేసారి చీరలు విప్పించి చూసే కౌంటర్ అది. ఎవరి చేతిలో ఉండగా పోయాయో తేల్చకుండా నలుగురికీ సమానంగా కోశారంటే, తప్పెవరిదో తమకు తెలియదని వాళ్లే ఒప్పుకున్నట్టు.

ఫైన్ కూడా అంతే. ఏ తప్పుకు ఫైన్ వేస్తారో ప్రభుత్వం నుంచి ముందుగా అనుమతి తీసుకుని నోటీసు పెట్టాలి, వేసే ముందు సంజాయిషీ అడగాలి, ఎంత వేసినా ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు, రిజిస్టరులో రాయాలి. అసలు కూర్చోవడం తప్పెలా అవుతుంది? పదిమంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట నిలబడి పని చేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని వృత్తి భద్రత కోడ్ చెబుతోంది. కేరళలో కోళికోడ్ షాపుల ఆడవాళ్లు ఈ ఒక్క హక్కు కోసం ఏళ్ల తరబడి కొట్లాడితే 2018లో అక్కడ చట్టం మార్చారు, 2021లో తమిళనాడు కూడా మార్చింది. కాళ్ల వాపులతో ఇంటికెళ్లి మళ్లీ వంట చేసే మనిషికి బల్ల వేయడానికి కూడా షోరూములకు మనసు రాదా అని నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇక గంటలు. ఆ జీవో 2025 జులైలో వచ్చిన మాట నిజమే. కానీ అది వాణిజ్య సంస్థలకు, అందులో షాపులను మినహాయించారు. తెలంగాణ షాపుల చట్టం, అంటే 1988 నాటిదే, మీకు రోజుకు 8 గంటలు, వారానికి 48 అని చెబుతోంది. (ఆంధ్రప్రదేశ్‌లో రోజుకు 10 గంటల దాకా సవరించారు, అక్కడ కూడా వారానికి 48 మారలేదు.) అన్నం టైము తీసేసినా మీరు 11న్నర గంటలు చేస్తున్నారు. 12,500ని 26 రోజులకు, ఆపైన 8 గంటలకు పంచితే గంటకు దాదాపు 60 రూపాయలు. ఓటీకి రెట్టింపు, అంటే 120. మూడున్నర గంటలకు రోజుకు 420 రూపాయలు మీకు రావాలి. మీ దగ్గర కోసినది 2,300, మీకు ఇవ్వకుండా ఎగ్గొట్టినది దానికి ఎన్ని రెట్లో మీరే లెక్క వేసుకోండి. రాత్రి 7 దాటాక ఆడవాళ్లచేత పని చేయించాలంటే వాళ్ల సమ్మతి కూడా ఉండాలి.

గొడవ పెట్టుకునే ముందు ఆధారాలు దగ్గర పెట్టుకోండి. ఆ వాట్సాప్ గ్రూపే మీకు పెద్ద సాక్ష్యం, వాళ్లు డిలీట్ చేయకముందే స్క్రీన్‌షాట్లు తీసి ఇంట్లోవాళ్ల ఫోనుకు పంపండి. వచ్చిన టైము, వెళ్లిన టైము, చేతికొచ్చిన డబ్బు రోజూ ఒక నోట్‌బుక్‌లో రాయండి. తర్వాత నలుగురూ కలిసి లేబర్ ఆఫీసులో అర్జీ ఇవ్వండి, ఒక్కరే వెళ్లొద్దు. యూనియన్ ద్వారా కూడా వేయొచ్చు. మూడేళ్ల లోపు బకాయిలన్నీ అడగొచ్చు, కోతలు తప్పని తేలితే క్లెయిమ్‌కు పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం ఉంది. అన్నిటికంటే ముఖ్యం, జీతం సరిగ్గా ఇచ్చామని రుజువు చేసుకోవాల్సింది యజమానే, ఇవ్వలేదని మీరు రుజువు చేయక్కర్లేదు. చేతికి డబ్బిచ్చి కాగితం రాయని షాపుకు అది చాలా కష్టం.

రావొద్దంటే? ఆరు నెలలు దాటినవాళ్లను సరైన కారణం లేకుండా తీసేయాలంటే నెల ముందు రాతపూర్వకంగా నోటీసు, లేదా నెల జీతం ఇవ్వాలి, ఏడాది దాటితే ఏడాదికి 15 రోజుల చొప్పున పరిహారం. మీకు 45 రోజుల జీతం, రావాల్సిన బకాయిలు రెండు పనిదినాల్లో. లాయర్ ఖర్చుకు భయపడొద్దు, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది, 15100కి ఫోన్ చేయండి.

ప్రశ్న: కరీంనగర్‌లో మాకు స్వీట్ షాపు ఉంది, 11 మంది పనివాళ్లు. పీఎఫ్, ఈఎస్ఐ మాకొద్దు అని వాళ్లచేత సంతకాలు తీసుకుంటే చాలని అకౌంట్లు చూసే అబ్బాయి చెప్పాడు. నిజమేనా?
– ఒక షాపు యజమాని

జవాబు: కాదండీ, ఆ సంతకాలకు విలువ లేదు. చట్టం ఇచ్చిన హక్కును పనివాడు వదులుకుంటానన్నా చెల్లదు. పీఎఫ్ 20 మంది నుంచి, కాబట్టి ప్రస్తుతానికి మీకు తప్పనిసరి కాదు. ఈఎస్ఐ మాత్రం 10 మందికే, నెలకు 21,000 లోపు జీతం ఉన్న ప్రతి ఒక్కరికీ కట్టాలి. 12,000 జీతానికి మీ వాటా 3.25 శాతం, అంటే 390 రూపాయలు, అతని వాటా 90. నూనె మూకుడు దగ్గర నిలబడే మనిషి ఒళ్లు కాలితే ఆస్పత్రి ఖర్చు, పని మానుకున్న రోజుల డబ్బు అంతా ఈ 480లోనే వస్తాయి. కట్టకుండా ఉంటే ఆ ఖర్చంతా మీ దగ్గరే వసూలు చేస్తారు. రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్లోనే, పదో మనిషి చేరిన 15 రోజుల్లో చేయాలి. మీకు గడువు దాటినట్టే ఉంది, కాబట్టి తనిఖీకి ఎవరో వచ్చేదాకా చూడకుండా ఈ వారంలోనే చేయించి, పాత నెలల బకాయి కూడా అడిగి కట్టేయండి. మీ వాటా మాత్రం వాళ్ల జీతంలోంచి తీయకండి.