మిర్చి లెక్కల పక్కనే లినక్స్: పండుకు మావయ్య ఉత్తరం

చిరంజీవి పండుకు,

మావయ్య ఆశీస్సులు. ఇంట్లో కంప్యూటర్‌లో విండోస్ తీసెయ్యకుండానే, అలాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్ కూడా పెట్టుకుంటానన్నావు. పెట్టుకో. కాకపోతే మీ నాన్న మిర్చి యార్డు లెక్కలన్నీ అందులోనే, ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. లినక్స్ ఎక్కించడం అరగంట పని. ముందు చెయ్యాల్సినవి చెయ్యకుండా కూర్చుంటే ఏడాది లెక్కలు ఆ అరగంటలోనే గల్లంతవుతాయి. అందుకే ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం ముందు పనుల గురించే రాస్తున్నాను.

నెలలో 11, 20 తేదీలు దగ్గరపడుతుంటే దాని జోలికి వెళ్లకు. జీఎస్‌టీ రిటర్నులు వేసేది అప్పుడే. మిర్చి సీజన్లో అసలే వద్దు. మీ ఇన్వర్టరు లైన్లో కంప్యూటర్ ప్లగ్గు ఉందో లేదో చూసుకో; చాలా ఇళ్లలో ఫ్యాన్లకీ లైట్లకే ఇస్తారు. పార్టిషన్ (డిస్కులో విడదీసిన ముక్క) మారుతుండగా కరెంటు పోయిందంటే ఇక చెప్పేదేముంది.

ట్యాలీ డేటా ఫోల్డరు, ఫోటోలు, ముఖ్యమైన కాగితాలు బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చెయ్యి. ఆ డిస్కును ఇంకో కంప్యూటరుకి తగిలించి నాలుగు ఫైళ్లు తెరిచి చూస్తే గానీ బ్యాకప్ అయినట్టు లెక్క కాదు.

తర్వాత డిస్కు తాళం సంగతి. విండోస్ 11 మెషీన్లలో మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయితే, మనం అడక్కపోయినా చాలాసార్లు డిస్కు ఎన్‌క్రిప్ట్ అయిపోయి ఉంటుంది. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) ఏదైనా మార్చి మళ్లీ ఆన్ చేస్తే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది లేకపోతే లోపలున్నది ఇక రాదు. ముందు ఆ కీని అకౌంటు పేజీలోంచి చూసి కాగితం మీద రాసుకో. ఆ పైన సెట్టింగ్స్‌లో, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద, డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆపెయ్యి. పూర్తిగా విప్పడానికి గంటలు పట్టొచ్చు, ఓపిక పట్టు.

కంట్రోల్ ప్యానెల్లో పవర్ ఆప్షన్లలో ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపాలి. అది ఉన్నంతకాలం షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. అప్పుడు లినక్స్ నుంచి సీ డ్రైవ్ తెరిస్తే చదవడానికే తప్ప రాయడానికి ఒప్పుకోదు. ఒప్పుకున్నా ట్యాలీ ఫోల్డర్లో మాత్రం లినక్స్ నుంచి ఏమీ మార్చకు.

ఇప్పుడు జాగా. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, సీ మీద కుడి క్లిక్ చేసి, ష్రింక్ వాల్యూమ్ నొక్కు. అక్కడ ఎంబీల్లో అడుగుతుంది; 100 జీబీ కావాలంటే 102400 అని కొట్టాలి. సీలో 200 జీబీ ఖాళీగా ఉన్నా 20కి మించి ఇవ్వనంటే కంగారుపడకు. విండోస్ తన అవసరాలకు పెట్టుకునే పేజ్ ఫైలు, హైబర్నేషన్ ఫైలు, రీస్టోర్ పాయింట్లు మధ్యలో కదలకుండా కూర్చుని ఉంటాయి. ఆ మూడూ ఆపి, రీస్టార్ట్ చేసి, మళ్లీ ప్రయత్నించు. పని అయ్యాక తిరిగి ఆన్ చేసుకోవచ్చు. నల్ల గీతతో ‘అన్‌ఎలొకేటెడ్’ అని కనిపించే ముక్కే లినక్స్‌ది. దాన్ని విండోస్‌లో ఫార్మాట్ చెయ్యకు, అలాగే వదిలెయ్యి. డెస్క్‌టాపే కాబట్టి ఇంకో 256 జీబీ ఎస్‌ఎస్‌డీ కొని లోపల పెడితే ఈ ష్రింక్ బాధంతా ఉండదు. అప్పుడు ఇన్‌స్టాల్ అయ్యేదాకా పాత డిస్కు విప్పి పక్కన పెట్టెయ్. నన్నడిగితే అదే మేలు.

మొదటిసారి కాబట్టి లినక్స్‌లో మింట్ అనే రకం, 22వ వెర్షన్ తీసుకో. 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఐఎస్‌ఓ (డౌన్‌లోడ్ చేసుకునే ఇన్‌స్టాల్ ఫైలు) దాదాపు 3 జీబీ, 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి రాయి; అందులో పార్టిషన్ స్కీమ్ దగ్గర జీపీటీ, టార్గెట్ దగ్గర యూఈఎఫ్ఐ ఎంచుకో. రాసేముందు అందులోనే ఉన్న టిక్కు గుర్తు బటన్ నొక్కి, వచ్చిన షా-256 కోడు (ఫైలు సరిగ్గా దిగిందో తేల్చే అక్షరాలు, అంకెల వరస) మింట్ సైట్లో ఇచ్చినదానితో సరిచూడు. సగం దిగిన ఫైలుతో ఇన్‌స్టాల్ నడిమధ్యలో ఆగుతుంది.

పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చెయ్యడానికి ఆన్ చెయ్యగానే నొక్కే కీ మదర్‌బోర్డును బట్టి ఉంటుంది: గిగాబైట్ అయితే ఎఫ్12, ఆసస్ ఎఫ్8, ఎంఎస్ఐ ఎఫ్11. తెర రాగానే ఇన్‌స్టాల్ మీద పడకు. వైఫై, సౌండు, ప్రింటరు పనిచేస్తున్నాయో చూడు. యూఎస్‌బీ వైఫై డాంగిల్ పలక్కపోతే ఫోన్ నుంచి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టుకో.

ఇన్‌స్టాలర్లో అసలైన మెట్టు ఒక్కటే. ‘ఎరేజ్ డిస్క్’ వైపు చూడకు, ‘సమ్‌థింగ్ ఎల్స్’ ఎంచుకో. అక్కడి పేర్లు మన గుంటూరు బ్రాడీపేట అడ్రసుల్లాంటివి. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అయినట్టే, ఎస్‌డీఏ3 అంటే మొదటి డిస్కులో మూడో పార్టిషన్. కానీ మీది ఎన్‌వీఎంఈ (బోర్డుకే నేరుగా తగిలే ఎస్‌ఎస్‌డీ) డిస్కయితే దాని పేరు వేరేగా ఉంటుంది, ఎస్‌డీఏ అని కనిపించేది నీ పెన్‌డ్రైవే కావచ్చు. పేరు నమ్మకు, సైజు చూడు. అదీ తికమకే: విండోస్‌లో 102400 అని కోసిన ముక్క ఇక్కడ దాదాపు 107370 అని కనిపిస్తుంది. విండోస్ ఎంబీకి 1024తో లెక్కేస్తుంది, ఇది 1000తో. ముక్క మారిపోలేదు, అదే ఇది. ‘ఫ్రీ స్పేస్’ మీద నొక్కి ప్లస్ గుర్తు కొట్టి, ఫార్మాట్ రకం దగ్గర ఎక్స్‌ట్4 (ext4), మౌంట్ పాయింట్ దగ్గర ఒక స్లాష్ (/) పెట్టు. స్వాప్‌కి (ర్యామ్ చాలనప్పుడు డిస్కులో వాడుకునే జాగాకి) వేరే పార్టిషన్ అక్కర్లేదు, ఫైలు అదే చేసుకుంటుంది. 100 ఎంబీయో 260 ఎంబీయో ఉన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌కి ఫార్మాట్ టిక్కు పడిందేమో రెండుసార్లు చూడు. విండోస్ బూటయ్యేది అందులోంచే.

జాబితాలో డిస్కే లేకపోతే బయోస్‌లో ఇంటెల్ ఆర్‌ఎస్‌టీయో వీఎండీయో (డిస్కును నడిపే పద్ధతులు) ఆన్‌లో ఉండొచ్చు. దాన్ని నేరుగా మామూలు పద్ధతైన ఏహెచ్‌సీఐకి మార్చావంటే విండోస్ నీలం తెరతో ఆగిపోతుంది. ముందు విండోస్‌లో సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్ చేస్తూ బయోస్‌లో మార్చి, సేఫ్ మోడ్‌లోకి వచ్చాక టిక్ తీసెయ్యి. అక్కడ పిన్ పనిచెయ్యకపోవచ్చు, అసలు పాస్‌వర్డు తెలిసుండాలి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డ్రైవర్ల కోసం సెక్యూర్ బూట్ (ఆమోదం లేని సాఫ్ట్‌వేర్‌ను బూట్ కానివ్వని రక్షణ) పాస్‌వర్డు పెట్టమని అడిగిందంటే, తర్వాతి రీస్టార్ట్‌లో ఒక నీలం తెర పది సెకన్లు నిలబడుతుంది. ఏదో ఒక కీ నొక్కి ‘ఎన్‌రోల్ మోక్’ చేసి అదే పాస్‌వర్డు ఇవ్వు. అది దాటిపోతే గ్రాఫిక్స్ కార్డో వైఫైయో పలకదు.

రెండూ నడిచాక విండోస్ గడియారం అయిదున్నర గంటలు వెనక్కి వెళ్లినట్టు కనిపిస్తే అదేమీ వైరస్ కాదు. లినక్స్ బోర్డు గడియారాన్ని గ్రీన్‌విచ్ సమయానికి పెడుతుంది, విండోస్ దాన్నే మన టైమనుకుంటుంది. మింట్ టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే తెర) timedatectl set-local-rtc 1 అని కొడితే సరిపోతుంది. బిల్లు మీద టైము తప్పు పడకముందే ఇది చేసెయ్యి.

ఎప్పుడైనా విండోస్ అప్‌డేట్ తర్వాత, ఆన్ చెయ్యగానే ఏది కావాలో అడిగే మింట్ మెనూ మాయమైతే, బయోస్ బూట్ ఆర్డర్లో ‘ఉబుంటు’ అన్న పేరును పైకి జరుపు. మింట్ అక్కడ ఆ పేరుతోనే ఉంటుంది. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్ ఒకటి, కొన్ని మెషీన్లలో పాత లినక్స్‌లను సెక్యూర్ బూట్ దగ్గరే ఆపేసింది. అందుకని మింట్‌ని కూడా అప్‌డేట్ చేస్తూ ఉండు.

ముందు పనులు శనివారం ముగించి, ఆదివారం పొద్దున కూర్చో. పార్టిషన్ తెర దగ్గర ‘ఇన్‌స్టాల్ నౌ’ నొక్కేముందు ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు. నేను చూసి చెప్పేదాకా నొక్కకు.

మీ మావయ్య