ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూలో) చికిత్సను పరీక్షించే ట్రయల్ మొదలుపెడుతున్న మాధవికి

చిరంజీవి మాధవికి ఆశీస్సులు.

ట్రయల్ ఎలా నడపాలో చెప్పే ప్రోటోకాల్ నువ్వు ఎలాగూ నాలుగుసార్లు చదివే ఉంటావు. అందులో పూర్తిగా దొరకనివి రాస్తున్నాను.

"ఈ చికిత్స మంచిదని అందరికీ తెలుసు, మళ్లీ పరీక్షెందుకు?" అని వార్డులో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. లొంగకు. జ్వరంతో, షాక్ (రక్తప్రసరణ బాగా తగ్గిపోవడం) లక్షణాలతో వచ్చిన పిల్లలకు సెలైన్ గబగబా ఎక్కించడం అందరూ నమ్మిన పద్ధతే. ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో 3,141 మంది పిల్లలతో జరిగిన ఫీస్ట్ ట్రయల్ (2011)లో సెలైన్ బోలస్ (గబగబా ఎక్కించే మోతాదు) ఇచ్చినవారిలో 48 గంటల్లో 10.5 శాతం చనిపోయారు, ఇవ్వనివారిలో 7.3 శాతం. మనకు ఇంకా దగ్గరిది హెలిక్స్ ట్రయల్ (2021). పుట్టగానే ఊపిరాడక మెదడు దెబ్బతిన్న బిడ్డల్ని చల్లబరిచి 72 గంటలు ఒంటి వేడిని 33–34 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచడం ధనిక దేశాల్లో ప్రాణాలు నిలిపింది. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో 408 మందితో చేసి చూస్తే, చల్లబరిచినవారిలో 42 శాతం, మిగతావారిలో 31 శాతం మరణించారు. కాబట్టి "ఏది మేలో మాకింకా తెలియదు" అని తల్లిదండ్రులతో చెప్పడానికి మొహమాటపడకు.

సమ్మతి దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. తల్లి సిజేరియన్ అయ్యి వేరే ఆసుపత్రిలో ఉంటుంది, అంబులెన్సులో బిడ్డతో వచ్చిన తండ్రి రాత్రంతా నిద్రలేక నిలబడి ఉంటాడు. ఆ స్థితిలో ఏ కాగితం ఇచ్చినా సంతకం పెడతాడు. మానిటర్ల మోతకు దూరంగా కూర్చోబెట్టు. ముఖ్యమైన నాలుగు మాటలు ముందు చెప్పు, కరపత్రం ఆ తర్వాత ఇవ్వు. ఏ పద్ధతి వస్తుందో చీటీ తీసినట్టు కంప్యూటర్ తేలుస్తుందని, డాక్టరు ఎంచుకోరని చెప్పు. వద్దన్నా వైద్యం తగ్గదని, ఆరోగ్యశ్రీకీ దీనికీ సంబంధం లేదని, మధ్యలో ఎప్పుడైనా మానుకోవచ్చని చెప్పు. ఆపైన "ఇప్పుడు మీరు నాకు చెప్పండి, బాబుకి ఏం చేయబోతున్నాం?" అని అడుగు. "పెద్ద డాక్టరుగారు ఏది మంచిదో చూసి ఇస్తారు కదమ్మా" అన్నాడంటే అర్థం కాలేదన్నమాట, మళ్లీ మొదటినుంచి చెప్పు. వేలిముద్ర వేస్తే ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఉండాలి. కొత్త మందు అణువు మీద ట్రయల్ అయితే 2019 నిబంధనల ప్రకారం ఆడియో-వీడియో రికార్డింగ్ తప్పదు. మొదటి అర నిమిషం తీసి, మాట వినబడుతోందో లేదో చూసుకుని ముందుకు వెళ్లు. ఫ్యాన్ హోరు తప్ప ఏమీ వినబడని ఫైలు ఎందుకూ పనికిరాదు.

బిడ్డను గుర్తించడంలో జాగ్రత్త. "బేబీ ఆఫ్ లక్ష్మి" అన్న పట్టీలు ఒకే గదిలో రెండుంటాయి. తల్లి పేరు పక్కన ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు, కవలలైతే ఒకటి, రెండు అని తప్పక రాయి. కవర్లతో ర్యాండమైజేషన్ (ఎవరికి ఏ పద్ధతో చీటీతో తేల్చడం) అయితే, బిడ్డ వివరాలు, సమయం కవరు మీద రాసి సంతకం చేశాకే చింపాలి. లోపలి చీటీ వెలుతురుకు పట్టినా కనబడకూడదు.

బరువు తూచేటప్పుడు చేతికి కట్టిన స్ప్లింట్, డైపర్ బరువు తీసెయ్యి. కిలో బిడ్డకు ముప్పై గ్రాములు ఎక్కువ రాసినా మోతాదు తేడా వస్తుంది. నెలలు నిండని బిడ్డకు ఊపిరి ఆగకుండా ఇచ్చే కెఫీన్ రాసేటప్పుడు, సిట్రేట్ (లవణ రూపం) లెక్కా, బేస్ (అసలు కెఫీన్) లెక్కా స్పష్టం చెయ్యి: 20 మిల్లీగ్రాముల సిట్రేట్‌లో బేస్ 10 మిల్లీగ్రాములే, పొరపడితే మోతాదు రెట్టింపో సగమో అవుతుంది.

రక్తం విషయంలో నువ్వు కఠినంగా ఉండాలి. నవజాత శిశువుకు కిలోకు 80–90 మిల్లీలీటర్ల రక్తమే ఉంటుంది. పరిశోధన కోసం ఒకసారికి 1 శాతం, నాలుగు వారాల్లో 3 శాతం మించకూడదని యూరోపియన్ మార్గదర్శకాలు చెబుతాయి. అంటే కిలో బిడ్డకు ఒకసారికి మిల్లీలీటరు కూడా రాదు. మామూలు పరీక్షకు తీసేటప్పుడే నీ నమూనా కూడా తీసుకో, విడిగా గుచ్చకు. ప్రతిసారీ ఎంత తీశారో మంచం దగ్గరి షీటులో రాయించు, లేకపోతే మొత్తం ఎంతయిందో ఎవరికీ తెలియదు.

ఫలితాన్ని లెక్కించేటప్పుడు ఒక గోతి ఉంది. వెంటిలేటర్ మీద ఎన్ని రోజులున్నాడని కొలిస్తే, రెండో రోజే పోయిన బిడ్డ త్వరగా కోలుకున్నవాడిలా కనబడతాడు. అందుకే 28 రోజుల్లో వెంటిలేటర్ లేకుండా ప్రాణంతో ఎన్ని రోజులున్నాడో కొలువు, మరణిస్తే సున్నా. ఖర్చు భరించలేక బిడ్డను మధ్యలో తీసుకెళ్లిపోయిన కుటుంబాలకూ 28వ రోజున ఫోన్ చేసి తీరాలి. ఇలా వెళ్లిపోయేవారిలో బాగా జబ్బుగా ఉన్నవారే ఎక్కువుంటారు గనుక వాళ్లను వదిలేస్తే మరణాలు తక్కువగా కనబడతాయి. ఔషధ నిబంధనల కిందికి వచ్చే ట్రయల్‌లో తీవ్ర ప్రతికూల ఘటనలు, మరణంతో సహా, 24 గంటల్లో ఎథిక్స్ కమిటీకీ, స్పాన్సర్‌కీ, కేంద్ర ఔషధ నియంత్రణాధికారికీ చేరాలి. "ఇది జబ్బు వల్లే" అనిపించినా రిపోర్టు ఆపకు.

ఇక బిడ్డ ఎదుగుదల చూసే ఏడాదిన్నర తర్వాతి పరీక్ష సంగతి. ఆధార్ కార్డు మీదున్నది అత్తవారి ఊరు, పిల్లతో తల్లి ఉండేది పుట్టింట్లో. అందుకే తండ్రి నంబరుతో పాటు అమ్మమ్మ ఇంటి నంబరూ, ఆ ఊరి ఆశా కార్యకర్త నంబరూ డిశ్చార్జి రోజే తీసుకుని, అక్కడే ఒకసారి డయల్ చేసి చూడు. వచ్చిపోయే బస్సు ఛార్జీలు బడ్జెట్‌లో మొదటే పెట్టించు.

నీ మేలు కోరే
మావయ్య