ఒడిశా జయపురంలో చిన్న విమానం ఎక్కబోయే మేనకోడలికి

సునాబెడ

అమ్మలూ,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పింది సగమే వినిపించింది. వచ్చే నెల నీకు భువనేశ్వర్ హెడ్డాఫీసులో పని, మా అక్కకి అక్కడే కంటి ఆసుపత్రి, జయపురం విమానానికి టికెట్లు తీస్తున్నానన్నావు. అల్యూమినా ఫ్యాక్టరీ ఉద్యోగానికి దమన్‌జోడి వచ్చి నాలుగు నెలలే అయింది. ఈ కోరాపుట్ కొండల వాతావరణం నీకింకా అలవాటు కాలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

భువనేశ్వర్‌కి విమానం అనుకోవడం మంచి ఆలోచనే. రాత్రంతా రైల్లో గడిపే దూరం రెండు గంటల లోపే తీరిపోతుంది. కానీ రేపు విశాఖ వెళ్ళాలన్నా ఇదే విమానం ఎక్కుదామనుకోకు. నువ్వుండే చోటు నుంచి జయపురం వెళ్ళడమంటే విశాఖకి ఎదురు దిక్కున వెళ్ళడమే. కోరాపుట్ దాటి, ఘాట్ దిగి, విమానం కోసం అక్కడ కూర్చునే సమయంలో పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు చేరిపోతావు. ఎప్పుడైనా విశాఖ విమానమే ఎక్కాల్సి వస్తే, టికెట్టు మీద విశాఖ పాత విమానాశ్రయమని ఉందో భోగాపురమని ఉందో చూసుకో. పాతది నేవీ వాళ్ళ స్థావరం, ఐఎన్ఎస్ డేగా. అక్కడ ఫోన్ తీసి ఫొటోలు తియ్యకూడదు.

ఇక జయపురం. 2022 అక్టోబరు ఆఖర్న, చిన్న ఊళ్ళకి విమానాలు నడిపే కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకం కింద సర్వీసు మొదలైన రోజు నేనూ వెళ్ళి కంచె బయట నిలబడి చూశాను. వచ్చింది సెస్నా కారవాన్, తొమ్మిది మంది ప్రయాణికులు పట్టే విమానం. ఒక్కటే ఇంజిన్, ముక్కు మీద ఒక్కటే పంకా. అక్క దాన్ని చూసి భయపడుతుంది. నా మాటగా ఆవిడకి చెప్పు: ముప్పై ఏళ్ళు ఇంజిన్ల ఫ్యాక్టరీలో చేసినవాడిని, సుఖోయ్ ఇంజిన్లు విప్పి బిగించిన చేతులివి. ఆ కారవాన్‌లో ఉండే పీటీ6 రకం టర్బైన్ ప్రపంచమంతా అరవై ఏళ్ళుగా తిరుగుతోంది. ఇంజిన్ గురించి నాకు దిగులు లేదు. నా దిగులంతా మబ్బు గురించే.

పెద్ద ఊళ్ళలో మబ్బు పట్టినా విమానాన్ని రన్‌వే మీదికి తెచ్చే ఐఎల్ఎస్ అనే ఏర్పాటు ఉంటుంది. జయపురంలో అది లేదు. పైలట్ కంటితో చూస్తూ దిగాలి, చూస్తూ ఎగరాలి. అలా నడపాలంటే ఐదు కిలోమీటర్ల మేర కనిపించాలన్నది నియమం. మన చుట్టూ ఉన్నవేమో తూర్పు కనుమలు. దేవమాలి శిఖరం ఒక్కటే 1672 మీటర్లు. పుష్యమాసంలో సెమిలిగుడ దగ్గర పొద్దున్నే పొగమంచులో ఎదుటి లారీ దీపాలు కూడా కనిపించవు. శ్రావణంలో అయితే మబ్బు కొండ మీదే కూర్చుంటుంది. అలాంటప్పుడు విమానం రానంటే రాదు. ఆ నిర్ణయం మన ప్రాణం కోసమే. వచ్చినవాళ్ళు కౌంటరు దగ్గర అబ్బాయి మీద అరుస్తుంటే నాకు బాధేస్తుంది.

మీ పెద్దమావయ్య సంగతి నీకు పూర్తిగా తెలీదు. విమానం మొదలయ్యాక వచ్చిన జనవరిలో అన్నయ్యకి భువనేశ్వర్‌లో గుండె ఆపరేషన్. ముందురోజు రైలు ఉండగానే వెళ్ళాల్సినవాణ్ణి, పొద్దున్నే విమానంలో పోతే మధ్యాహ్నానికి మంచం పక్కనుంటానన్నాను. మంచు విడలేదు. పదకొండు దాకా ఆశపెట్టుకుని కూర్చున్నాను, తర్వాత రద్దయిందన్నారు. సాయంత్రం కోరాపుట్‌లో హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. రిజర్వేషన్ లేదు, తలుపు దగ్గర తువ్వాలు పరుచుకుని కూర్చున్నాను. థియేటర్‌లోకి తీసుకెళ్ళేదాకా "తమ్ముడొచ్చాడా" అని అడుగుతూనే ఉన్నాడట. నేను వెళ్ళేసరికి స్పృహ లేదు. మళ్ళీ మాట్లాడలేదు.

అందుకని నా మాట విను. ఆసుపత్రి తారీఖుకి కనీసం ఒకరోజు ముందు విమానానికి తియ్యి. అదేరోజు సాయంత్రం రైలుకి కూడా రెండు బెర్తులు తీసి ఉంచు. విమానం ఎగిరాక రైలు టికెట్టు రద్దు చేసుకుంటే పోయేది కొద్ది డబ్బే. వానాకాలంలో అయితే విమానం మాటే తలపెట్టకు, నేరుగా రైలే. విమానం నడిచే రోజులూ వేళలూ మారుతుంటాయి కాబట్టి ముందురోజు సాయంత్రం ఒకసారి, పొద్దున బయల్దేరే ముందు మరోసారి కనుక్కో. కోరాపుట్ దాటాక ఘాట్‌లో ఒక్క లారీ ఆగినా గంట పోతుంది, మామూలుగా పట్టే సమయానికి ఆ గంట కలుపుకుని బయల్దేరు.

సామాన్ల విషయానికొస్తే, అంత చిన్న విమానానికి ప్రతి కిలో లెక్కే. పెట్టెతో పాటు మనిషి బరువూ అడుగుతారు, కాటా ఎక్కమన్నా ఎక్కాలి. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆ బరువు చూసి చెబుతారు. అక్కని నీ పక్కన కాకుండా వేరేచోట కూర్చోబెట్టినా ఏమనకు, ముందువెనకల తూకం కుదరాలి. ఎంత బరువు తేవచ్చో టికెట్టు మీద చూసి ఇంట్లోనే తూచుకో. ఆవిడ ఆవకాయ జాడీ, అరిసెల డబ్బా, చుట్టాలందరికీ పసుపుకొమ్ములు సర్దుతుంది. ఆవకాయ ఒక్కటి గట్టిగా కట్టి పెట్టెలో వెయ్యి, మిగతావి రైల్లో వెళ్ళేవాళ్ళతో పంపుదాం. ఎండుకొబ్బరి మాత్రం అసలు వద్దు. దాని నూనెకి అంటుకునే గుణముంది, తీసుకెళ్ళనివ్వరు. పవర్ బ్యాంకు చేతి సంచిలో, స్క్రూడ్రైవర్లూ పానాలూ పెట్టెలో. ఇది తారుమారైతే సెక్యూరిటీ దగ్గర తీసి పక్కన పెట్టేస్తారు.

ఇంకొకటి నీ ఉద్యోగం వల్ల చెబుతున్నాను. ల్యాబు శాంపిల్ సీసా ఏదైనా హెడ్డాఫీసుకి పట్టుకెళ్ళమని ఎవరన్నా చేతిలో పెడితే తీసుకోకు. బాక్సైట్‌ని మీరు కాస్టిక్ సోడాలో మరిగించేది అది అల్యూమినాని కరిగించుకుంటుందనే కదా. అల్యూమినియాన్నీ అలాగే తినేస్తుంది. నువ్వెక్కే విమానం ఒళ్ళంతా అల్యూమినియమే. అలాంటివి పంపడానికి వేరే పద్ధతి ఉంది, వాళ్ళనే పంపుకోమను.

లోపల బాత్రూమ్ ఉండదు, ఎయిర్‌హోస్టెస్ ఉండదు. అక్కకి షుగరు కాబట్టి ఎక్కేముందు తప్పకుండా వెళ్ళిరమ్మను, మరీ ఎక్కువ నీళ్ళు తాగించకు. మెట్లు చిన్నవి, నిటారుగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పి సంగతి ముందే చెబితే చెయ్యిచ్చి ఎక్కిస్తారు. పెద్ద విమానాల్లోలా లోపల గాలి ఒత్తిడి సర్దే ఏర్పాటు ఇందులో లేదు, దిగేటప్పుడు చెవులు పట్టేస్తాయి. నోట్లో పిప్పరమెంటు పెట్టుకుని మింగుతూ ఉంటే తగ్గుతుంది. జలుబు గట్టిగా ఉంటే మాత్రం ఆ రోజుకి ప్రయాణం మానుకోవడమే మేలు.

అన్నిటికన్నా ముఖ్యమైనది తిరుగు ప్రయాణం. అక్కకి రెటీనా ఆపరేషన్ చేసి కంట్లో గ్యాస్ బుడగ పెట్టారంటే, అది పూర్తిగా పోయేదాకా విమానం ఎక్కకూడదు. పైకి వెళ్ళేకొద్దీ బుడగ ఉబ్బుతుంది, కంటి ఒత్తిడి పెరిగి చూపే పోవచ్చు. మనముండేదీ ఎత్తు ప్రదేశమే కాబట్టి రైల్లోనో కారులోనో ఘాట్ ఎక్కి ఎప్పుడు రావచ్చో కూడా డాక్టరుగారిని అడిగి కాగితం మీద రాయించుకో. వాళ్ళు అడక్కపోయినా కోరాపుట్ కొండల మీద ఉంటామని నువ్వే చెప్పు. అందుకే తిరుగు టికెట్టు ఇప్పుడే తియ్యొద్దు.

టికెట్టు మీద పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. ఒడిశాలో కార్డులు చేయించుకున్న మన తెలుగువాళ్ళకి ఇదే తంటా. ఒడియాలో వ రాయాల్సినచోట బ పడి వెంకటలక్ష్మి కాస్తా బెంకటలక్ష్మి అవుతుంది, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటుంది. అక్క కార్డు ఇక్కడ చేయించిందే. టికెట్లకి డబ్బు కట్టకముందే ఇద్దరి ఆధార్ కార్డులూ ఫొటో తీసి నాకు పంపు. అక్షరం అక్షరం చూసి, ఎలా రాయాలో రాత్రికి ఫోన్ చేసి చెబుతాను.

మీ మావయ్య